గ్రీన్‌కార్డు వైద్య పరీక్షలపై తెలుగులో సమాచారం ఇవ్వాలి

సంపాదకులు గారికి,

అమెరికా పౌరసత్వం పొందిన పిల్లలు ఇక్కడున్న తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు స్పాన్సర్ చేయడం మన జిల్లాల్లో మామూలైపోయింది. దరఖాస్తు గురించి, ముంబైలో జరిగే ఇంటర్వ్యూ గురించి అందరికీ ఎంతో కొంత తెలుసు గానీ, కాన్సులేట్ గుర్తించిన వైద్యుల వద్ద మాత్రమే చేయించుకోవలసిన ఆరోగ్య పరీక్షను ఒక పూట పనిగా భావించి, అది తేలకముందే విమాన టికెట్లు కొంటున్నవారు, అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నవారు చాలామంది ఉన్నారు.

15 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. అందులో టీబీని అనుమానించదగిన మచ్చ కనిపిస్తే వరుసగా మూడు రోజులు తెమడ సేకరించి, మైక్రోస్కోపు కింద చూడటంతో ఆపకుండా కల్చర్‌కు, అంటే ప్రయోగశాలలో క్రిమిని పెంచి చూసే పరీక్షకు కూడా పంపుతారు. ఆ క్రిమి చాలా నెమ్మదిగా పెరుగుతుంది కనుక ఫలితానికి దాదాపు 8 వారాలు పడుతుంది. ఎవరితో చెప్పించినా ఆ గడువు తగ్గదు. వ్యాధి ఉన్నట్టు తేలితే చికిత్స పూర్తయ్యేవరకు ప్రయాణం ఆగవలసిందే. కల్చర్‌లో ఏమీ లేదని వచ్చినా, మామూలుగా 6 నెలలు చెల్లే వైద్య నివేదిక ఇలా తెమడ పరీక్ష అవసరమైనవారి విషయంలో 3 నెలలే చెల్లుతుంది.

మా బంధువుల్లో ఒక పెద్దావిడకు ఎప్పుడో టీబీ వచ్చి నయమైంది. ఫారం నింపేటప్పుడు ఆ సంగతి అడిగితే, పక్కన కోడలు ఉందన్న మొహమాటంతో ‘లేదమ్మా’ అనేశారు. ఊపిరితిత్తి పైభాగాన ఉన్న పాత మచ్చ మాత్రం ఫిల్ములో స్పష్టంగా కనిపించింది. మందులు వాడిన చీటీ గానీ, పాత ఎక్స్‌రే గానీ ఇంట్లో లేవు. కాగితాలుంటే తెమడ పరీక్ష తప్పుతుందని కాదు. ఏ మందులు ఎన్ని నెలలు వాడారో వైద్యుడికి తెలుస్తుంది, దాచారన్న అనుమానం ఉండదు.

ప్రపంచంలోని టీబీ కేసుల్లో సుమారు నాలుగో వంతు మన దేశానివే అయినప్పుడు ఈ పరీక్షను తప్పుపట్టడం సరికాదు. బీపీ, షుగర్ ఉన్నాయని చెబితే వీసా రాదేమోనని జంకేవారూ ఉన్నారు. వీసాకు అడ్డుపడే అంటువ్యాధుల జాబితాలో అవి లేవు, హెచ్‌ఐవీని సైతం 2010లోనే తొలగించారు. టీకాల వివరాలు కూడా అడుగుతారు (ఆ తరం వారి దగ్గర టీకాల కార్డు ఎక్కడుంటుంది!) కాబట్టి వయసును బట్టి కొన్ని టీకాలు అక్కడే వేయించుకోవలసి రావచ్చు.

ఇటీవలి టీబీ రోగుల వివరాలు కేంద్ర ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లో నమోదవుతున్నాయి. అంతకుముందు ప్రభుత్వ కేంద్రాల్లో మందులు వాడినవారు అడిగితే, రిజిస్టర్లు చూసి, మందుల పేర్లతో సహా చికిత్స ముగిసిన ధ్రువపత్రాన్ని ఇంగ్లీషులో ఇచ్చేలా రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు జిల్లా టీబీ కేంద్రాలను ఆదేశించాలని కోరుతున్నాను. ప్రవాస తెలుగువారి కోసం ఏర్పాటైన ప్రభుత్వ సంస్థలు ఈ వివరాలన్నిటితో తెలుగులో ఒక కరపత్రం వేయాలి. వీసా ముద్రించిన పాస్‌పోర్టు చేతికి అందాకే టికెట్ కొనాలన్న మాటను అందులో అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో వేయాలి.

– ఒక పాఠకుడు, హనుమకొండ