రొమ్ము బరువు తగ్గించే ఆపరేషన్: బీమా ఫైలు ఆగేది ఎక్కడ?

సంపాదకుల వారికి,

రొమ్ముల బరువు తగ్గించే ఆపరేషన్‌కు ఇన్సూరెన్సు రాదని మన కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో చాలామంది ఏజెంట్లు ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆసుపత్రి ఇన్సూరెన్సు డెస్కు కూడా అదే మాట అంటే ఆడవాళ్లు ఇక ఫైలు పెట్టే ఆలోచనే మానుకుంటారు. పాలసీ కాగితంలో ఉన్నది మాత్రం అది కాదు.

2020 అక్టోబరు నుంచి అన్ని కంపెనీల హెల్త్ పాలసీల్లోనూ ముఖ్యమైన మినహాయింపులు ఒకే మాటల్లో ఉండాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమం. వాటిలో ఎక్స్‌క్లూజన్ 08 కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీలది. రూపం మార్చుకునే చికిత్సకు డబ్బు ఇవ్వమని చెబుతూనే, యాక్సిడెంటు, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి అది వర్తించదని అదే పేరాలో ఉంది. ఆరోగ్యానికి నేరుగా, తక్షణంగా ఉన్న ముప్పును తొలగించే చికిత్సకూ వర్తించదు. అయితే ఆ అవసరాన్ని వైద్యం చేసే డాక్టరు ధ్రువీకరించాలి. మొత్తం ఫైలు ఆ ధ్రువీకరణ మీదే నిలబడుతుంది.

కంపెనీలు పట్టు పట్టేదీ అక్కడే. ఏళ్ల తరబడి ఉన్న నొప్పి తక్షణ ముప్పు ఎలా అవుతుందని అడుగుతారు. ‘మెడనొప్పి, నడుమునొప్పి’ అని రెండు ముక్కలు రాసిన ఉత్తరానికి ఆ ప్రశ్న న్యాయమే, మెడనొప్పి లేనిదెవరికి? ముప్పు ఏమిటో పేరు పెట్టి రాయించుకోవాలి. రొమ్ముల కింది మడతలో చర్మం ఒరుసుకుని, పగిలి, చీము పట్టి, మందు ఆపిన ప్రతిసారీ తిరగబెడుతోందా? చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయా? బ్రా పట్టీలు నొక్కి భుజాల మీద గాట్లు పడిపోయాయా? మెడ ఎక్స్‌రేలో ఏం కనిపించింది? షుగరు ఉంటే ఆ పుండ్లు ఇంకా ప్రమాదం కాబట్టి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) రిపోర్టు కూడా జత చేయాలి. షుగరు అదుపులోకి రానిదే ఆపరేషన్‌కు సర్జన్ ఎలాగూ ఒప్పుకోరు.

ఇవన్నీ అడ్మిషన్ వారంలో పుట్టే కాగితాలు కావు. ఆపరేషన్‌కు కనీసం ఆరు నెలల ముందు నుంచి ఓపీ చీటీలు పోగవ్వాలి. మన దగ్గర ఫైలు బలహీనపడేది ఇక్కడే. ఒంటి సంగతి బయటికి చెప్పుకోలేక ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు, మెడికల్ షాపులో ట్యూబు కొనుక్కుంటారు. చీటీ ఉండదు, బిల్లు ఉండదు. కంపెనీ లెక్కలో ఆ వైద్యం జరగనట్టే. పెద్దాసుపత్రి ఓపీ చీటీ అయినా చాలు, తేదీ, డాక్టరు సంతకం ఉంటే పనికొస్తుంది. చర్మవ్యాధుల డాక్టరు ‘ఫంగల్ ఇన్ఫెక్షన్’ అని మాత్రమే రాస్తే లాభం లేదు, ‘రెండు రొమ్ముల కింది మడతల్లో’ అని చోటు రాయాలి. మన ఎండలకు ఈ పుండ్లు మార్చి నుంచి జూన్ దాకా ఎక్కువ కాబట్టి ఆ నెలల్లో తప్పక చూపించుకోవాలి. ఆర్థోపెడిక్ డాక్టరు చీటీ, ఫిజియోథెరపీ ఎన్ని సిట్టింగులు చేశారో రాసిన కాగితం, అయినా తగ్గలేదన్న మాట, ఇవి మూడూ కలిసి ఉండాలి.

తర్వాత ప్లాస్టిక్ సర్జన్ ఉత్తరం. అందులో ఎత్తు, బరువు, మెడ కింది గుంట నుంచి చనుమొన దాకా దూరం (మామూలుగా 21 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది), ఒక్కో వైపు ఎన్ని గ్రాములు తీయబోతున్నారన్న అంచనా ఉండాలి. అమెరికా బీమా కంపెనీలు చాలావరకు ఈ గ్రాములను 1991 నాటి ష్నూర్ పట్టికతో పోల్చి చూస్తాయి. ఒంటి వైశాల్యాన్ని బట్టి ఎన్ని గ్రాములు తీయాలో చెప్పే పట్టిక అది. ఎత్తు సెంటీమీటర్లను బరువు కిలోలతో గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీస్తే శరీర ఉపరితల వైశాల్యం వస్తుంది. 160 సెంటీమీటర్లు, 65 కిలోలు ఉన్న మనిషికి అది 1.70 చదరపు మీటర్లు. అంత వైశాల్యానికి ఒక్కో వైపు 370 గ్రాములు దాటితే వైద్య అవసరంగా లెక్కిస్తారు. మన దేశంలో ఈ పట్టికకు చట్టబలం లేదు. అయినా ఉత్తరంలో ఒక అంకె, దాని వెనక ఒక లెక్క ఉంటే ‘అందం కోసం’ అని కొట్టేయడం అంత తేలిక కాదు.

ప్రీ-ఆథరైజేషన్ (కంపెనీ ముందస్తు అనుమతి) ఫారం ఆసుపత్రి వాళ్లే నింపుతారు, హడావుడిలో. పంపే ముందు అడిగి చదువుకోండి. రోగ నిర్ధారణ గడిలో రొమ్ము పెరుగుదలకు వాడే ఎన్62 జబ్బు కోడు ఒక్కటే వేస్తే చాలదు. మగవాళ్ల ఛాతీ పెరుగుదలకూ అదే కోడు. దానితో పాటు మెడనొప్పికి ఎం54.2, మడతల్లో ఒరుపుకు ఎల్30.4 కూడా వేయించాలి. ‘బరువు తగ్గడానికి’, ‘ఒబేసిటీ’ లాంటి మాటలు దొర్లితే ఫైలు నేరుగా ఎక్స్‌క్లూజన్ 06 కిందికి, అంటే ఊబకాయం చికిత్సల లెక్కలోకి పోతుంది. లైపోసక్షన్ (కొవ్వు పీల్చి తీయడం) ఒక్కటే చేస్తామని రాసినా అదే గతి పట్టవచ్చు.

‘ఎప్పటి నుంచి’ అన్న గడి ఇంకా ప్రమాదం. జూనియర్ డాక్టరు అలవాటుగా ‘చిన్నప్పటి నుంచి’ అని రాస్తే, ముందే ఉన్న జబ్బు దాచారని కంపెనీ పట్టుకుంటుంది. నియమం ప్రకారం ముందే ఉన్న జబ్బు అంటే పాలసీ మొదలవడానికి ముందు 36 నెలల్లో డాక్టరు నిర్ధారించినది, లేదా వైద్యం చెప్పినది, చేసినది. అబద్ధం రాయించమని కాదు; మొదటిసారి డాక్టరుకు చూపించిన తేదీ రాయించాలి. ఆ తేదీ పాలసీ కన్నా ముందుదైతే వెయిటింగ్ పీరియడ్ (ముందే ఉన్న జబ్బుకు డబ్బు ఇవ్వని మొదటి గడువు) గడిచాకే ఫైలు పెట్టడం మంచిది. 2024 ఏప్రిల్ నుంచి అది గరిష్ఠంగా 36 నెలలు. క్యాన్సర్ కాని రొమ్ము సమస్యలకు విడిగా 24 నెలలు పెట్టిన పాలసీలూ ఉన్నాయి. ఉద్యోగుల గ్రూపు పాలసీల్లో చాలాసార్లు ఈ గడువులు ఉండవు.

క్యాన్సర్‌కు ఒక రొమ్ము తీసేశాక రెండోదాన్ని సమంగా తగ్గించాల్సి వస్తే, అది అదే పునర్నిర్మాణంలో భాగమని సర్జన్ స్పష్టంగా రాయాలి. విడి ఆపరేషన్‌గా రాస్తే కొట్టేస్తారు.

ఫొటోలు అడుగుతారు. ముఖం రాకుండా, మెడ నుంచి నడుము దాకా, ముందు నుంచి ఒకటి, రెండు పక్కల నుంచి ఒక్కోటి సరిపోతాయి. ఏజెంటు వాట్సాప్‌కు పంపొద్దు. ఆసుపత్రి వాళ్లే తీసి, వాళ్ల మెయిల్ నుంచే కంపెనీకి పంపాలి. ఈ పనికి డెస్కులో ఒక మహిళా ఉద్యోగిని పెట్టడం ఏ ఆసుపత్రికీ భారం కాదు.

కర్నూలు వాళ్లు హైదరాబాద్, అనంతపురం వాళ్లు బెంగళూరు పోవడం మామూలే. జోన్ల వారీ ప్రీమియం పాలసీ అయితే చిన్న ఊరి రేటు కట్టి మహానగరంలో చేయించుకున్నప్పుడు కొంత శాతం మనమే భరించాలి. అది ముందే చూసుకోవాలి.

ఆపరేషన్ థియేటర్లో తీసిన కణజాలాన్ని ఎడమ, కుడి విడివిడిగా తూచి ఆపరేషన్ నోట్సులో గ్రాములు రాయాలి, ల్యాబు పరీక్షకు పంపాలి. ఉత్తరంలో 500 అని, నోట్సులో 250 అని ఉంటే చివరి బిల్లు దగ్గర ప్రశ్నలు తప్పవు.

క్యాష్‌లెస్ కాదన్నంత మాత్రాన క్లెయిం పోయినట్టు కాదు, బిల్లు మనమే కట్టి తర్వాత రీయింబర్స్‌మెంటుకు పెట్టవచ్చు. తిరస్కరిస్తే ఏ నిబంధన కింద అన్నది రాతలో తీసుకోవాలి. ఐఆర్‌డీఏఐ 2024 మే సర్క్యులర్ ప్రకారం క్లెయిముల సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా క్లెయిం తిరస్కరించకూడదు. ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారికి) పెట్టుకోవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల రూపాయల దాకా వింటారు. తీర్పుకు కంపెనీ కట్టుబడాలి. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాక అదే విషయం అంబుడ్స్‌మన్ తీసుకోరు కాబట్టి ఈ వరుస తప్పొద్దు.

కంపెనీలను అడిగేది ఒకటే. ఎన్ని నెలల వైద్యం, ఎన్ని గ్రాములు, ఏయే డాక్టర్ల కాగితాలు చూసి ఒప్పుకుంటారో పాలసీతో పాటే తెలుగులో అచ్చు వేసి ఇవ్వండి. ఆరు నెలలు పుండ్లతో తిరిగి కాగితాలు పోగేసిన మనిషికి, పోగేయాల్సింది వేరే కాగితం అని చివరి రోజున చెప్పడం దుర్మార్గం.

ఇట్లు,
ఆరోగ్య బీమా క్లెయిముల పని చూసే కొందరు,
కర్నూలు