హెచ్‌వో (అసలు రైలులో 87వ వంతు సైజు) మోడల్ రైలు లేఅవుట్‌కు పట్టాలు, పాయింట్లు కొనేవాళ్లకు

అందరికీ నమస్తే. చవక అని ఇత్తడి పట్టాలు కొనకండి. వాటి మీద పట్టే పొర కరెంటును ఆపుతుంది. నికెల్ సిల్వర్‌తో ఆ బాధ తక్కువ. పాత బండ్ల చక్రాల అంచులు లోతుగా ఉంటాయి కాబట్టి 2.54 మి.మీ. ఎత్తుండే కోడ్ 100 పట్టా నిశ్చింత.

అసలు తిప్పలన్నీ పాయింట్ల దగ్గరే, అంటే బండి దారి మారే చోట్ల. పాయింటులో రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే ముక్కే ఫ్రాగ్. ప్లాస్టిక్ ఫ్రాగ్ మీద కరెంటు అందక చిన్న ఇంజను ఆగిపోతుంది. మెటల్ ఫ్రాగ్ ఉన్నదే తీసుకోండి, స్విచ్ ద్వారా దానికి విడిగా వైరు ఇవ్వండి. ఫ్రాగ్ నుంచి బయటికొచ్చే లోపలి రెండు పట్టాలకు ప్లాస్టిక్ జాయినర్లు (పట్టాలను కలిపే అతుకులు) మరవద్దు, లేకుంటే షార్టే.

పాయింటు బిగించే ముందు బ్లేడును (దారి మార్చే కదిలే పట్టాను) వేలితో జరిపి చూడండి. మొన పక్క పట్టాకు పూర్తిగా అతుక్కోవాలి. వెంట్రుకంత సందున్నా చక్రం అక్కడే పట్టా దిగుతుంది. ఒక బోగీని రెండు దారుల్లోనూ, ఎదురూ వెనకా చేత్తో తోయండి. టక్కుమంటే ఒకే ఇరుసు మీది రెండు చక్రాల మధ్య లోపలి దూరం కొలవండి, 14.4 మి.మీ. దగ్గర లేకపోతే తప్పు చక్రానిదే.

నల్లగొండ, మిర్యాలగూడ ఎండలు తెలిసినవే. 25 డిగ్రీల తేడాకు మీటరు పట్టా దాదాపు 0.4 మి.మీ. సాగుతుంది. చలికాలంలో పరిస్తే జాయినర్ల దగ్గర విజిటింగ్ కార్డు మందం సందు వదలండి. జాయినర్లను నమ్మకుండా మీటరుకో ఫీడర్ వైరు (పట్టాకు కరెంటు అందించే వైరు) టంకం పెట్టండి. పాయింట్ల కింద మాత్రం జిగురు వద్దు, బ్లేడు బిగుసుకుపోతుంది.