ఆ నవల మన గ్రంథాలయాల్లో దొరకాలి

సంపాదకుల వారికి నమస్కారం.

కొన్నాళ్లుగా మీ లేఖల పేజీలో విలువల మీద వాదన నడుస్తోంది. పిల్లలు పెద్దల మాట ఖాతరు చేయడం లేదని కొందరు, పెద్దలే కాలం చెల్లిన పద్ధతులు పట్టుకుని వేలాడుతున్నారని కొందరు రాస్తున్నారు. ఈ ఇద్దరూ చదవాల్సిన నవల ఒకటుంది. రష్యన్ రచయిత ఇవాన్ తుర్గేనెవ్ 1862లో ప్రచురించిన 'తండ్రులు-కొడుకులు'.

కథ 1859 మే నెలలో మొదలవుతుంది. రష్యాలో రైతులు భూమితో పాటు దొరల సొత్తుగా బతుకుతున్న రోజులవి. 1861లో ఆ వ్యవస్థ రద్దయి, రెండు కోట్లకు పైగా జనానికి విముక్తి దొరికింది. ఆ మార్పు వస్తుందని అందరికీ తెలుసు, వచ్చాక ఎలా బతకాలో ఎవరికీ తెలియదు. నికొలాయ్ కిర్సానొవ్ అనే భూస్వామి ముందుగానే తన రైతులకు పొలాలు కౌలుకిచ్చి, కూలీలను పెట్టి సేద్యం చేయిస్తుంటాడు. కౌలు వసూలు కాదు, పనులు సాగవు. అంతలో పీటర్స్‌బర్గ్‌లో చదువు ముగించుకుని కొడుకు అర్కాదీ ఇంటికొస్తాడు. వెంట బజారొవ్ అనే స్నేహితుడు. కప్పలు కోసి పరీక్షించే ఈ వైద్య విద్యార్థి దేవుణ్ణీ కవిత్వాన్నీ వంశ గౌరవాన్నీ దేన్నీ ఒప్పుకోడు. ఇలా దేన్నీ ఒప్పుకోనివాళ్లనే నవలలో 'నిహిలిస్టులు' అంటారు.

ఒక రోజు నికొలాయ్, రష్యన్ కవి పుష్కిన్ కవిత్వం చదువుకుంటూ కూర్చుంటాడు. అర్కాదీ దగ్గరికొచ్చి, చంటిపిల్లాడి చేతిలోంచి తీసుకున్నంత సుతారంగా ఆ పుస్తకం తీసేసుకుని, సైన్సు గురించిన జర్మన్ పుస్తకం ఒకటి ముందు పెట్టి, నవ్వుతూ వెళ్లిపోతాడు. అరుపుల్లేవు, కోపాల్లేవు. కొడుకు మంచి చేశాననే అనుకున్నాడు. తండ్రికి మాత్రం తన కాలం అయిపోయిందని అర్థమైంది. మన ఇళ్లలో జరిగే చాలా గొడవల మూలం ఈ ఒక్క సన్నివేశంలో ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

బజారొవ్ మాటలు కటువు, మనిషి మాత్రం నికార్సయినవాడు. అర్కాదీ పెదనాన్న పావెల్‌తో పిస్తోళ్ల దాకా వస్తుంది వ్యవహారం. తన తూటా తగిలిన పావెల్‌కు ఆ మరుక్షణమే కట్టు కట్టేది బజారొవే. చివరికి సొంత ఊరి పొరుగు పల్లెలో టైఫస్ అనే అంటు జ్వరంతో చనిపోయిన ఒక రైతు శవాన్ని పరీక్షిస్తూ వేలు కోసుకుంటాడు. గాయాన్ని కాల్చే మందు అక్కడి డాక్టరు దగ్గర లేదు. ఇక తాను బతకనని తెలిసినా గుండె నిబ్బరం కోల్పోడు.

నవల వచ్చినప్పుడు రచయితను రెండు వైపులా తిట్టారు. యువతను అవమానించాడని ఒక వర్గం, యువతను నెత్తికెత్తుకున్నాడని మరో వర్గం. అదే ఏడాది పీటర్స్‌బర్గ్‌లో పెద్ద అగ్నిప్రమాదాలు జరిగాయి. ఊళ్లోకి అడుగుపెట్టిన తుర్గేనెవ్‌కు ఎదురైన పరిచయస్తుడు అన్న మొదటి మాట, 'చూడండి, మీ నిహిలిస్టులు ఏం చేస్తున్నారో' అని! తనకు ఏ పక్షమూ లేనట్టు రాసినందుకు ఇంత శిక్ష.

ఇక అసలు విషయం. ఒకప్పుడు రష్యన్ సాహిత్యం తెలుగులో చవగ్గా దొరికేది. రాచమల్లు రామచంద్రారెడ్డి, ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలో ఉండి అనువాదాలు చేశారు, విశాలాంధ్ర ప్రచురణ సంస్థ వాటిని ఊరూరికీ చేర్చింది. 1991లో సోవియట్ యూనియన్ కూలాక ఆ రాక ఆగిపోయింది. మా శాఖా గ్రంథాలయంలో ఇప్పుడు ఉన్నవి దినపత్రికలు, గ్రూప్స్ గైడ్లు, తాళం వేసిన రెండు బీరువాలు. గైడ్ల కోసం వచ్చే పిల్లలను తప్పుపట్టను, ఉద్యోగం వాళ్లకు అత్యవసరం. కానీ వాళ్ల వయసువాడే అయిన బజారొవ్ వాళ్లకు పరిచయం కాకపోవడం నాకు బాధగా ఉంది.

ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అది స్థానిక సంస్థల దగ్గరే ఆగిపోతోందన్న మాట ఏళ్లుగా వింటున్నాం. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆ బకాయిలు జమ చేయించి, అందులో కొంత సొమ్మును ఇలాంటి నవలల తెలుగు అనువాదాలకు, పునర్ముద్రణలకు కేటాయించాలి. నవంబర్ 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో వ్యాసరచన పోటీలతో సరిపెట్టకుండా, ఒక సాయంత్రం తల్లిదండ్రులనూ పిల్లలనూ కూర్చోబెట్టి ఈ నవల మీద మాట్లాడించమని గ్రంథాలయ అధికారులను కోరుతున్నాను. మా ఊళ్లో ఆ పని పెట్టుకుంటే నిర్వహణలో సాయం చేయడానికి నేను సిద్ధం.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, గుంటూరు జిల్లా