విషం తయారుచేసే బ్యాక్టీరియా ఆ విషానికే ఎందుకు చావదు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మందులకి లొంగని బ్యాక్టీరియా గురించి మీ పేపర్లో వార్త వచ్చినప్పుడల్లా చదువుతాను, ప్రతిసారీ ఒకటే మాట, మనం యాంటీబయాటిక్స్ ఇష్టమొచ్చినట్టు మింగడం వల్ల వాటికి కొత్తగా ఈ శక్తి వచ్చిందని. మింగడం తప్పే, కాదనను. ఆ 'కొత్తగా' అన్న మాట దగ్గరే నాకు పేచీ.

నేను భీమవరంలో డిగ్రీ పిల్లలకి మైక్రోబయాలజీ చెప్తాను. మొన్న క్లాసులో ఒకమ్మాయి లేచి, మేడం విషం తయారుచేసే బ్యాక్టీరియా ఆ విషానికి అదే ఎందుకు చచ్చిపోదు అని అడిగింది. ఎంత మంచి ప్రశ్నో! మనం వాడే యాంటీబయాటిక్స్‌లో చాలావరకు మట్టిలో బ్యాక్టీరియా తయారుచేసే విషాలే మరి.

తొలకరికి మట్టి వాసన వస్తుంది కదా, అది చాలావరకు స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా వల్లే. 1943లో అమెరికాలో వాక్స్‌మన్ గారి ల్యాబులో ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది ఈ జాతిలోని గ్రిసియస్ నుంచే, టీబీ మీద పనిచేసిన మొదటి యాంటీబయాటిక్ అది. బ్యాక్టీరియాలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోముకి అతుక్కుని ఆ తయారీని చెడగొడుతుంది. మరి గ్రిసియస్‌కీ రైబోజోము ఉందిగా? ఉంది, కానీ లోపల ఉన్నంతసేపూ మందుకి ఫాస్ఫేట్ అనే చిన్న రసాయన ముక్క తగిలించి ఉంచుతుంది, అలా ఉంటే మందు పనిచెయ్యదు, బయటికి పంపాక ఇంకో ఎంజైము ఆ ఫాస్ఫేటుని ఊడదీస్తుంది, అప్పుడది విషం అవుతుంది. తిరిగి లోపలికొస్తే మళ్ళీ ఫాస్ఫేటే. ఎన్నేళ్ళుగా చెప్తున్నా ఇక్కడికొచ్చేసరికి నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఎరిత్రోమైసిన్ చేసే బ్యాక్టీరియా అయితే తన రైబోజోములో ఆ మందు అతుక్కునే చోట మిథైల్ అనే ఇంకో చిన్న రసాయన ముక్క పెట్టేసుకుంటుంది, దాంతో మందు అక్కడ సరిగా అతుక్కోలేదు. టెట్రాసైక్లిన్ రకాలు చేసేవాటికి మందుని బయటికి తోసే పంపులున్నాయి. (ఆ రకంలో మొదటిది ఆరియోమైసిన్, 1948లో లెడర్లీ కంపెనీ నుంచి వచ్చింది, అక్కడ రీసెర్చ్ డైరెక్టరు మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే.)

1973లో బెన్‌వెనిస్ట్, డేవిస్ అనే సైంటిస్టులు హాస్పిటల్లో మందుకి లొంగని బ్యాక్టీరియాలో ఉన్న ఎంజైముల్లాంటివే మట్టిలో మందు తయారుచేసేవాటిలోనూ ఉన్నాయని చూపించారు. అంటే ఈ ఎంజైముల్ని తయారుచేయించే జీన్స్ మనకంటే ఎంతో ముందునుంచీ ఉన్నాయి, బ్యాక్టీరియా ఒకదానికొకటి జీన్స్ ఇచ్చుకోగలవు, మనం అనవసరంగా మందు వేసుకున్నప్పుడల్లా ఆ జీన్ లేనివి చచ్చి ఉన్నవి మిగులుతున్నాయి. జలుబని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అజిత్రోమైసిన్ కూడా ఎరిత్రోమైసిన్ నుంచి చేసిందే, ఆ మిథైల్ ఉపాయం దాని మీదా పనిచేస్తుంది. జలుబు వైరస్‌కి ఆ మందు ఏమీ చెయ్యదు కూడా.

ఇదంతా మీ ఆదివారం పేజీలో ఒక్కసారి బొమ్మలతో వెయ్యండి. కావాలంటే మా పిల్లలు గీసినవి పంపిస్తాను.

ఒక మైక్రోబయాలజీ లెక్చరర్, భీమవరం