మూత మడతలో తెల్లగీత: ఏ డబ్బా వాడొచ్చు, ఏది పక్కన పెట్టాలి

పచ్చళ్లకీ మిఠాయిలకీ మా దగ్గర డబ్బాలు తీసుకుంటున్న అందరికీ,

ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటే. "ఎర్ర మూత నాలుగుసార్లు తెరిచేసరికి మడత దగ్గర తెల్లగీత పడుతోంది. రంగు ఊడుతోందా? పాత ప్లాస్టిక్ కలిపారా?" రెండూ కాదు. ఆ గీత ఎందుకొస్తుందో, ఎక్కడ వస్తే పట్టించుకోనక్కర్లేదో, ఎక్కడ వస్తే ఆ డబ్బాలో సరుకు నింపకూడదో చెబుతాం. మూతల విషయంలో మేం చేస్తున్న మార్పులు, వాటివల్ల పెరిగే రేటు కూడా ఇందులోనే ఉన్నాయి.

మడత మూత డబ్బాలన్నీ ఇప్పటిదాకా పీపీ కోపాలిమర్‌తోనే పోస్తున్నాం. బజార్లో పీపీసీపీ అంటారు. గట్టి పాలీప్రొపిలీన్ మధ్యలో మెత్తటి రబ్బరు కణాలు చెదిరి ఉండే సరుకు ఇది. ఒక్కో కణం మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూ ఇటూ ఉంటుంది. మూత వంచితే మడతలో బయటివైపు పొర సాగుతుంది. గట్టి భాగం ఒకలా, రబ్బరు ఒకలా సాగుతాయి కాబట్టి రబ్బరు కణం లోపలో, దాని అంచు దగ్గరో అతిచిన్న ఖాళీలు తెరుచుకుంటాయి. కంటికి కనిపించే వెలుగు తరంగం పొడవు 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. ఈ ఖాళీలు ఆ కొలతకు దగ్గరగా ఉండడంతో వాటిమీద పడ్డ వెలుగు చెదిరిపోయి ఆ చోటు తెల్లగా కనబడుతుంది. నురగ తెల్లగా కనబడేది కూడా ఇందుకే. మాస్టర్‌బ్యాచ్, అంటే ప్లాస్టిక్‌లో కలిపి పోసే రంగు, ఎక్కడిదక్కడే ఉంది. ఎరుపు, నలుపు, ముదురు నీలం మూతల మీద గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెల్ల మూతల్లోనూ అంతే గీత ఉంటుంది, కంటికి ఆనదు.

అసలు సంగతి ఆ రబ్బరు దగ్గరే ఉంది. గీత పడకూడదనుకుంటే రబ్బరు లేని హోమోపాలిమర్‌తో పోయొచ్చు. మడత చాలాకాలం నిలుస్తుంది, తెల్లబడడం కూడా బాగా తక్కువ. కానీ హోమోపాలిమర్ సున్నా డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి పెళుసెక్కిపోతుంది. ఫ్రీజర్లోంచి తీసిన డబ్బా చెయ్యిజారితే మూల విరిగి ఊడుతుంది. చలికాలంలో అమెరికాకు వెళ్లే ఆవకాయ పార్సిల్ గోదాముల్లోనూ వాకిట్లోనూ గంటల తరబడి గడ్డకట్టే చలిలో ఉండొచ్చు. అక్కడ డబ్బాను కాపాడేది ఈ రబ్బరే. దెబ్బ తగిలినప్పుడు ఆ చిన్న ఖాళీలు తెరుచుకోవడంలోనే దెబ్బ శక్తి ఖర్చయిపోతుంది, చీలిక ముందుకు పాకదు. తెల్లబడడం, విరగకుండా ఆగడం ఒకే పని వల్ల జరుగుతున్నాయి. మీకు ఒకటి తీసేసి రెండోది ఇస్తామని చెప్పడం నిజాయితీ కాదు.

అందుకని ఇకమీదట రెండు రకాలు పోస్తాం. ఫ్రిజ్, ఫ్రీజర్, విదేశీ పార్సిళ్లకు వెళ్లే డబ్బాలు పీపీసీపీతోనే ఉంటాయి. గీత పడుతుంది, పడనివ్వండి. ఆత్రేయపురం పూతరేకులు, కాజాలు, కారప్పొడుల్లాంటి బయట ఉండే సరుకుకు మూతలు ర్యాండమ్ కోపాలిమర్‌తో, అంటే రబ్బరు కణాలు లేని ఇంకో రకం పాలీప్రొపిలీన్‌తో వస్తాయి. అది పారదర్శకంగా ఉంటుంది, వంచినా దాదాపు తెల్లబడదు. ఈ గ్రాన్యూల్స్ (కరిగించి పోసే ప్లాస్టిక్ గింజలు) ఖరీదెక్కువ కాబట్టి ఆ మూతల రేటు ఆ తేడా మేరకు పెరుగుతుంది, అడుగు డబ్బా రేటు మారదు. ర్యాండమ్ మూత ఉన్న డబ్బాలను ఫ్రీజర్లో పెట్టి అమ్మకండి. చూడ్డానికి బాగున్నాయని కొందరు ఆ పని చేస్తారనే మాకు భయం.

ఇప్పుడు గీత ఎక్కడుందో చూడండి. మడత పొడవునా ఒకే వెడల్పుతో సన్నటి పట్టీలా ఉంటే భయం లేదు. మా మడత మందం 0.35 మిల్లీమీటర్లు. మూత అచ్చులోంచి బయటికి రాగానే, వేడి ఆరకముందే, దాన్ని పూర్తిగా వంచి తెరుస్తాం. ఆ మొదటి వంపుల్లోనే ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువుల గొలుసులు మడతకు అడ్డంగా బారులు తీరి ఆ చోటు గట్టిపడుతుంది. ఇందుకే గేటును (అచ్చులోకి ప్లాస్టిక్ వెళ్లే దారిని) కూడా కరిగిన ప్లాస్టిక్ మడతను దాటుకుంటూ ప్రవహించేలా పెడతాం. మడత మీద రెండు ప్రవాహాలు వచ్చి కలిస్తే అక్కడ వెల్డ్ లైన్ పడుతుంది, మడత ఆ గీత వెంబడే చిరుగుతుంది. మడత చివర్లలో మాత్రం ఒక్కోసారి తెలుపు పట్టీలా కాక చుక్కలా, చీలినట్టు కనిపిస్తుంది. అది చిరుగుకు మొదలు, ఆ మూత వాడొద్దు.

క్లిప్పు మొదట్లో, అంటే క్లిప్పు గోడకు అతుక్కునే మూలలో తెలుపు కనిపిస్తే అది వేరే కథ. అక్కడ ప్లాస్టిక్ తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ సాగుతోందన్నమాట. ఎంత సాగుతుందో లెక్క కట్టొచ్చు: క్లిప్పు మందాన్ని, అది పక్కకు జరిగే దూరాన్ని గుణించి, దాన్ని ఒకటిన్నరతో హెచ్చించి, క్లిప్పు పొడవు వర్గంతో భాగించాలి. పాత క్లిప్పు పొడవు 10 మిల్లీమీటర్లు, మందం 1.5, జరిగే దూరం 1. అంటే 2.25 శాతం సాగుడు. పాలీప్రొపిలీన్‌కు ఇది పెద్ద లెక్క కాదు. కానీ మూల పదునుగా ఉంటే సాగుడంతా ఆ ఒక్క గీత మీదే పోగుపడి రెండు మూడింతలవుతుంది. కొత్త అచ్చులో పొడవు 14కు పెంచి, మందం 1.3కు తగ్గించాం, సాగుడు 1 శాతానికి దిగింది. మూలలో వంపు వ్యాసార్థం క్లిప్పు మందంలో సగం ఉండేలా గుండ్రం చేశాం. మందం పెంచితే గట్టిపడుతుందని చాలామంది అడుగుతారు. క్లిప్పు విషయంలో మందం పెరిగేకొద్దీ అదే వంపుకు బయటి పొర ఇంకా ఎక్కువ సాగుతుంది, త్వరగా తెల్లబడుతుంది.

విరగకుండా వంగిపోయి ఉండిపోవడం ఇంకో రకం లోపం. క్లిప్పు బిగించి నెలల తరబడి వదిలేస్తే లోపలి ఒత్తిడి నెమ్మదిగా సడలిపోతుంది, తరవాత పట్టు ఉండదు. కొత్త క్లిప్పు మూసి ఉన్నప్పుడు నిటారుగా ఉండేలా చేశాం, తెరిచేటప్పుడూ మూసేటప్పుడూ మాత్రమే వంగుతుంది. పాత స్టాకు ఖాళీ డబ్బాలను క్లిప్పు బిగించకుండా నిల్వ చేయండి. నింపిన డబ్బాలను ఎండలో నిలబెట్టిన వ్యానులో ఎత్తుగా పేర్చొద్దు. పాలీప్రొపిలీన్ వేడికి మెత్తబడుతుంది, గదిలో తట్టుకున్న బరువే వ్యానులో కింది వరుసను నొక్కేస్తుంది. పచ్చడి వేడిగా నింపి మూత బిగిస్తే చల్లారాక గోడలు లోపలికి లాగేసుకుంటాయి. బాగా ఆరనిచ్చి నింపండి.

పారదర్శకంగా, తళతళలాడే గట్టి పాలీస్టైరీన్ డబ్బాలు తీసుకునేవారు ఇది తప్పక చదవాలి. అవి 1 నుంచి 3 శాతం సాగేసరికే విరుగుతాయి. అంతకుముందు గోడలో వెండి దారాల్లాంటి గీతలు పడతాయి. డబ్బాను వెలుగుకు ఎదురుగా పట్టుకుని మెల్లగా తిప్పితే అవి మెరుస్తాయి. వీటిని క్రేజులంటారు. సాగిన దిక్కుకు అడ్డంగా ఏర్పడే ఈ సందుల్లో అతి సన్నటి ప్లాస్టిక్ పోగులు ఇంకా రెండు వైపులనూ పట్టుకుని ఉంటాయి. ఆ పోగులు తెగితే అది పగులు. నూనె తగిలితే పోగులు త్వరగా తెగుతాయి, అందుకే ఖాళీగా ఉన్నన్నాళ్లూ బాగున్న డబ్బా నూనె పచ్చడి పోశాక మూలల్లో పగులుతుంది. లవంగ నూనె, నిమ్మ నారింజ తొక్కల్లోని నూనె పాలీస్టైరీన్‌ను నేరుగా కరిగిస్తాయి. లవంగాలు, మసాలాలు, ఊరగాయలు ఇందులో పెట్టొద్దు. జీడిపప్పు, కిస్‌మిస్, పొడి స్వీట్లకు పర్వాలేదు. నూనె సరుకు గాజులా కనిపించాలంటే పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) జాడీ తీసుకోండి.

తెలుపంతా సాగుడు వల్లే రాదు. తడిగుడ్డతో తుడిస్తే పోతే అది పైకి తేలిన సంకలిత పదార్థమో, దుమ్మో. వేలితో రాస్తే సుద్దపొడిలా అంటుకుంటే డబ్బా ఎండకు పాడైంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు గొలుసులను తెంపేస్తాయి, అలాంటి డబ్బా చేత్తో నొక్కితే చిట్లుతుంది. తుడిచినా పోకుండా, వేడినీళ్లలో కాసేపు ఉంచితే పలచబడితే అది సాగుడు తెలుపు. వేడికి ఖాళీలు కొంత మూసుకుంటాయి. చూడ్డానికి మెరుగవుతుంది కానీ బలం పూర్తిగా తిరిగి రాదు. క్లిప్పు మూల తెల్లబడ్డ డబ్బాను వేడిచేసి కొత్తదానిలా అమ్మొద్దు.

ఫ్రీజర్‌కో విదేశీ పార్సిళ్లకో వెళ్లే పీపీసీపీ డబ్బాల పెద్ద ఆర్డరు నింపేముందు ఒక పరీక్ష చేసుకోండి. మూత బిగించిన ఖాళీ డబ్బాలు కొన్ని రాత్రంతా ఫ్రీజర్లో పెట్టి, పొద్దున తీసిన వెంటనే నడుమెత్తు నుంచి గచ్చు మీదకు మూల తగిలేలా వదలండి. తెల్లబడి నిలిస్తే మంచిది. చీలితే ఆ బ్యాచ్ ఆపి మాకు చెప్పండి. ఫ్రీజర్ డబ్బాను బయటికి తీయగానే మూత విసురుగా లాగొద్దు. వేగంగా లాగితే గొలుసులకు జరిగే వ్యవధి ఉండదు, చలిలో అవి ఇంకా నెమ్మదిగా జరుగుతాయి.

విరిగినవి పంపేటప్పుడు ముక్కలన్నీ పంపండి. విరిగిన అంచులను ఒకదానికొకటి ఆనించి చూడొద్దు, జిగురు పెట్టొద్దు. ఆ అంచే మాకు కారణం చెబుతుంది. అంచు తెల్లగా, సాగినట్టు ఉంటే బరువు మించింది. గాజు విరిగినంత నున్నగా, తెలుపు లేకుండా ఉంటే చలి, నూనె, ఎండ లేదా మా గ్రాన్యూల్స్‌లో తేడా. ప్రతి డబ్బా ఒకేచోట విరుగుతుంటే లోపం అచ్చులోనో వెల్డ్ లైన్‌లోనో ఉంటుంది, బాధ్యత మాదే. తలా ఒకచోట విరుగుతుంటే ముందు నిల్వ, రవాణా చూడాలి. రీగ్రైండ్, అంటే వాడిన ప్లాస్టిక్‌ను పొడిచేసి మళ్లీ కలపడం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాం: ఒక్కోసారి కరిగించిన కొద్దీ గొలుసులు పొట్టివవుతాయి, అందుకని మడత మూతల్లో అసలు కలపం. అడుగు డబ్బాల్లో మా మెషీను రన్నర్ల (అచ్చుకు ప్లాస్టిక్ చేరే కాలువల్లో గట్టిపడి మిగిలే ముక్కల) తుక్కే, 15 శాతం దాటకుండా కలుపుతాం.

డబ్బా అడుగున గుండ్రటి ముద్రలో బాణం గుర్తు చూపించే నెల, ఏడాది, లోపల ఏ సరుకు పోశారో, ఫ్రిజ్‌లో ఉంచారా బయట ఉంచారా అన్నది ఒక చీటీ మీద రాసి పార్సిల్‌లో పెట్టండి. క్లిప్పు మూల తెల్లబడ్డ పాత స్టాకు, మడత చివర చీలిన మూతలు ఎన్ని ఉన్నా మార్చి ఇస్తాం, రవాణా ఖర్చు మాదే. మడత పొడవునా గీత ఉన్న పీపీసీపీ మూతలను మాత్రం మార్చలేం. కొత్త మూతలకూ అదే గీత పడుతుంది.