ఆ చేపల సీసాలను తుక్కుకు వేయకండి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతి చుట్టుపక్కల ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ ల్యాబును కంప్యూటర్ గదిగా మారుస్తూ, అందులో పాఠాల కోసం స్పిరిట్‌లో నిల్వ ఉంచిన చేపల సీసాలన్నీ తెచ్చి మెట్ల కింద పడేశారు. ఈమధ్య వెళ్లి చూసి కడుపు తరుక్కుపోయింది. చాలా సీసాల్లో స్పిరిట్ ఆవిరైపోయింది. ఒక వాలుగకు తోక మాత్రమే తడిగా ఉంది, తల ఎండి బూజు పట్టింది. పక్క సీసాలో పరిగెలు. లోపలి చీటీ మీద పెన్సిల్‌తో రాసిన ‘స్వర్ణముఖి, చంద్రగిరి’ అన్న మాటలు, కింద తేదీ, ఇప్పటికీ చదవడానికి వస్తున్నాయి. గాజు కోసం పాతసామాన్ల వాళ్లకు ఇచ్చేస్తారట!

ఎక్కడ, ఎప్పుడు పట్టారో చెప్పే ఆ చీటీతోనే ఆ చేపకు విలువ. స్వర్ణముఖి నదిలో ఇప్పుడు ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపిస్తుంది. చెరువుల్లో వదిలేది బొచ్చె, రోహు పిల్లల్ని. వాటికి తోడు జిలేబీ చేప (తిలాపియా). ఒకప్పుడు ఏ మడుగులో ఏ చేప ఉండేదో చెప్పడానికి ఈ సీసాలు కాక ఇంకేం మిగిలింది?

పాత చేపలతో ఏం పని అనేవాళ్లకు ఒక్క సంగతి చెప్పాలి. చికాగో ఫీల్డ్ మ్యూజియంలో దాచిన నదీ చేపల పొట్టల్లో ఏముందో పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. గత శతాబ్దం మొదట్లో పట్టినవాటిలో ప్లాస్టిక్ నలుసులు లేవు. 1950ల నుంచి కనిపించి, పెరుగుతూ వచ్చాయి. ఆ చేపలను దాచినవాళ్లు ప్లాస్టిక్ గురించి ఆలోచించి దాచలేదు. కల్యాణి డ్యామ్ నీళ్ల గురించి రేపు మన పిల్లలు ఏం తెలుసుకోవాలనుకుంటారో మనకు మాత్రం ఏం తెలుసు?

ఇందుకు కోట్లు అక్కర్లేదు. కుళ్లకుండా ఆపే విష రసాయనం ఫార్మలిన్‌లో గట్టిపడిన చేపను 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చి, మూత బిగించి, తగ్గినప్పుడల్లా పోస్తూ ఉంటే వందేళ్లయినా ఉంటుంది. కాకపోతే ఆల్కహాల్ నిప్పంటుకునే సరుకు, ఆ సీసాలను పిల్లలు తిరిగే మెట్ల కింద ఉంచకూడదు. ఫార్మలిన్‌ను కాలువలో పారబోయడం ఇంకా తప్పు.

శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ జువాలజీ విభాగం కాలేజీల్లోని ఇలాంటి సీసాలను తెప్పించుకుని జాబితా రాయించాలి. పేర్లు తేల్చడానికి హైదరాబాద్‌లోని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి మంచినీటి జీవుల అధ్యయన కేంద్రం సాయం అడగొచ్చు. అప్పటిదాకా ప్రిన్సిపాళ్లు ఒక్క సీసా కూడా బయటికి పంపకూడదు, చీటీలు విడదీయకూడదు. జాబితా రాసే పనికి నాలాంటి రిటైరైన లెక్చరర్లం పైసా తీసుకోకుండా వస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత జువాలజీ అధ్యాపకుడు,
తిరుపతి