మోడల్ విమాన సంఘం: 2024–25 వార్షిక కార్యకలాపాల నివేదిక

గౌరవ అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారాలు. ఏడాది పనిని మీ ముందుంచడం నిబంధనావళి ప్రకారం కార్యదర్శి బాధ్యత. ఈసారి నివేదికలో పెద్ద భాగం ఫిబ్రవరిలో జరిగిన పైలాన్ రేసుకే (పాతిన పోళ్ల చుట్టూ విమానాలు తిప్పే పందెం) పోతుంది. మన మైదానంలో, మన చేతులతో కూర్చిన విమానాలతో, పది ల్యాపుల (చుట్ల) పోటీ ఎవరికీ చిన్న గీరు కూడా పడకుండా ముగిసింది. అందుకు ముందు ఆరు నెలలు ఏం చేశామో కొత్త సభ్యులకు తెలియాలి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మైదానం

హైదరాబాదు చుట్టూ చోటు దొరకడం ఎంత కష్టమో మీకు తెలిసిందే. దుండిగల్, హకీంపేట, బేగంపేట, శంషాబాద్, ఏ దిక్కు చూసినా విమానాశ్రయమే. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం విమానాశ్రయం హద్దు నుంచి 8 కి.మీ. లోపల అనుమతి లేకుండా ఎగరేయకూడదు. 8 నుంచి 12 కి.మీ. మధ్య గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతం) 200 అడుగుల ఎత్తు వరకు, అంతకంటే దూరంలో 400 అడుగుల వరకు ఎగరేయవచ్చు. మన మైదానం గ్రీన్‌లోనే ఉంది. అయినా జోన్లు మారుతుంటాయి కాబట్టి డిజిటల్ స్కై మ్యాపును (ఏ జోన్ ఎక్కడుందో చూపే ప్రభుత్వ వెబ్ మ్యాపు) ప్రతి శనివారం రాత్రి చూసి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాం. గణతంత్ర దినం, వీఐపీల రాక సందర్భాల్లో వచ్చే పోలీసు ఉత్తర్వులు వేరు. అవి ఉన్న రోజుల్లో మ్యాపు ఆకుపచ్చగా ఉన్నా ఎగరేయడానికి లేదు.

మైదానం కోసం స్థానిక కార్యాలయంలో ఇచ్చిన లేఖ గురించి చెప్పక తప్పదు. జూన్‌లో ఇచ్చాం. ఆ బల్ల మీద నుంచి ఈ బల్ల మీదికి తిరిగి, అక్టోబరులో మళ్లీ నకలు అడిగారు. నకలిచ్చాం. జవాబు నేటికీ లేదు. మనం డ్రోన్లతో ఫొటోలు తీసేవాళ్లం కాదు, కెమెరా లేని మోడల్ విమానాలు కంటికి కనపడే దూరంలోనే ఎగరేస్తామని ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది.

నవంబరులో మూడు వారాలు రన్‌వే పట్టీ మీద రైతులు వడ్లు ఆరబోసుకున్నారు. అది వాళ్ల ఊరి నేల, మనం అతిథులం. ఆ మూడు ఆదివారాలు ఎగరేయకుండా కూర్పు పని పెట్టుకున్నాం. సంక్రాంతి ముందు రెండు వారాలు కూడా అంతే. గాలిపటాల మాంజా మోటారు షాఫ్టుకు చుట్టుకుంటే బేరింగు పోతుంది, తెగిన దారం గడ్డిలో కనపడదు. పండగ తర్వాత పట్టీ పొడవునా నడిచి దారం ఏరిన ఆరుగురికి ధన్యవాదాలు.

కూర్పు శిబిరం

తయారు డ్రోన్ల దిగుమతి మీద 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం ఉంది, విడిభాగాలకు లేదు. కిట్టు తెప్పిస్తే కస్టమ్స్ దగ్గర ఏమవుతుందోనన్న బెంగ ఎందుకని, విమానం మొత్తాన్ని ఇక్కడే చెక్కి మోటారు, సర్వోలు (రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు), రిసీవరు (రిమోట్ సంకేతాన్ని అందుకునేది) మాత్రం కొన్నాం. నమూనాగా క్వికీ 500 అనే రేసు విమానం తరహా తీసుకున్నాం. రెక్క పొడవు 50 అంగుళాలు, వెడల్పు 10 అంగుళాలు, అంటే 500 చదరపు అంగుళాలు, పేరులోని అంకె అదే. రెక్క అంతటా ఒకే వెడల్పు కాబట్టి కొత్తవాళ్లు కూడా తప్పు లేకుండా చేయగలరు. సిద్ధమయ్యాక బరువు 1.6–1.7 కిలోలు. 2 కిలోలు దాటనంతవరకు, వ్యాపారానికి కాకుంటే, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అందుకే బరువు విషయంలో పట్టుబట్టాం.

రెక్కకు థర్మాకోల్ కోర్ (లోపలి దిమ్మ), దాని మీద 1.5 మి.మీ. బాల్సా (తేలికైన కర్ర) షీటు. థర్మాకోల్‌ను రబ్బరు జిగురూ మామూలు సూపర్ గ్లూ కూడా కరిగించేస్తాయి. మొదటి వారం రెండు కోర్లు అలాగే పోయాయి. రెండు రెక్కలు కలిసే మధ్య అతుకు అన్నిటికంటే ముఖ్యం. గంటకు 105 కి.మీ. వేగంతో 15 మీటర్ల వ్యాసార్ధంలో మలుపు తిప్పితే దాని బరువుకు ఆరు రెట్లు భారం పడుతుంది. 1.7 కిలోల విమానం ఆ క్షణంలో 10 కిలోలు తూగినట్టే. ఆ భారమంతా వచ్చి వాలేది ఆ అతుకు మీదే. కాబట్టి అక్కడ ఐదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ జిగురు వద్దు, 30 నిమిషాలదే వాడాలి. త్వరగా గట్టిపడేది కర్రలోకి ఇంకకముందే బిగుసుకుని పెళుసుగా ఉంటుంది. ఎపాక్సీ రాసి, లోపల 3 మి.మీ. ప్లైవుడ్ బ్రేస్ (ఊతపలక) పెట్టి, ఒక రెక్కను బల్లకు ఆనించి రెండో కొనను 25 మి.మీ. ఎత్తి, రాత్రంతా కదపకుండా ఉంచాలి. మర్నాడు అతుకు చుట్టూ 15 సెం.మీ. వెడల్పు ఫైబర్‌గ్లాస్ గుడ్డ చుట్టాలి.

రెక్కను బాడీకి బిగించడానికి ముందు ఒక చెక్క డోవెల్ (గుండ్రటి మేకు), వెనక రెండు 6 మి.మీ. నైలాన్ బోల్టులు. ఇనుప బోల్టు పెడితే గట్టిగా ఉంటుంది కదా అని శిబిరంలో చాలామంది అడిగారు. నేలకు తగిలినప్పుడు నైలాన్ తెగుతుంది, రెక్క విడిపోతుంది, బాడీ మిగులుతుంది. ఇనుము తెగదు, బాడీయే చీలుతుంది.

పోటీ ఖర్చుతో కాకుండా చేతి నేర్పుతో జరగాలని అందరికీ ఒకే సెట్టు పెట్టాం: 1000 కేవీ (వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు తిరిగే) మోటారు, నాలుగు సెల్లుల 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, 60 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం), 9×6 (అంగుళాల్లో వ్యాసం, పిచ్) ఎలక్ట్రిక్ ప్రొపెల్లరు. వాట్‌మీటరు పెట్టి చూస్తే ఫుల్ థ్రాటిల్‌లో 35 ఆంపియర్లకు అటూ ఇటూ లాగుతుంది. పది ల్యాపులు, దిగడం అయ్యాక బ్యాటరీలో మూడో వంతు దాకా మిగలాలి. మిగలకపోతే ఏదో లాగుతోందని అర్థం, విప్పి చూడాల్సిందే. ముక్కు దగ్గర మోటారు బిగించే ఫైర్‌వాల్ పలక 4 మి.మీ. ప్లైవుడ్, వెనక టీ-నట్లు, బోల్టులకు నీలం థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులవకుండా ఆపే జిగురు). ఈఎస్‌సీ నుంచి బ్యాటరీ వైపు వైర్లను పొడిగించొద్దు. చోటు చాలకపోతే మోటారు వైపు మూడు వైర్లను పొడిగించుకోవాలి. బ్యాటరీ వైపు పొడుగు పెరిగితే వోల్టేజి ఎగిసిపడి ఈఎస్‌సీలో కెపాసిటర్లు కాలిపోతాయి. గాలి లోపలికి వచ్చే రంధ్రం కంటే బయటికి పోయేది పెద్దగా ఉండాలి. ఎండాకాలంలో ఈఎస్‌సీ వేడెక్కి ఆగిపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

తనిఖీ బల్ల

ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో అన్నిటికంటే మేలైనది ఇదేనని నా అభిప్రాయం. బల్ల దాటి స్టిక్కరు పడని విమానం రన్‌వే మీదికి పోదు. అధ్యక్షుల వారి విమానమైనా అంతే.

మొదట సీజీ, అంటే గురుత్వ కేంద్రం. రెక్క ముందంచు నుంచి 63–70 మి.మీ. మధ్య, రెండు వైపులా చూపుడువేళ్లతో ఎత్తితే విమానం సమంగా నిలవాలి. తోక బరువైతే మలుపులో ఎలివేటరు (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) కాస్త లాగగానే తిరగబడి నేలకు కొడుతుంది. సీసం అతికించే బదులు బ్యాటరీని ముందుకు జరపాలి.

తర్వాత ఫ్లటర్, అంటే వేగంలో పలకలు అదరడం. ఐలరాన్‌ను (రెక్క వెనకంచున కదిలే పలకను) బొటనవేలు, చూపుడువేలితో పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ ఊపండి. సర్వో కదలకుండానే వెనకంచు ఒక మి.మీ. కంటే ఎక్కువ ఆడిందంటే ఎక్కడో లూజు ఉన్నట్టే: క్లెవిస్ (పుష్‌రాడ్ కొన కొక్కెం) పిన్ను రంధ్రం అరిగి ఉంటుంది, లేదా సన్నని పుష్‌రాడ్ (సర్వో నుంచి పలకకు వెళ్లే తీగ) వంగుతుంటుంది. నేల మీద ఒక మి.మీ. ఆడేది పూర్తి వేగంలో జుమ్మని మోగుతుంది, ఆ మోత విన్న రెండు మూడు సెకన్లలో ఐలరాన్ ఊడిపోవచ్చు. మోత వినపడగానే థ్రాటిల్ తీసేసి ముక్కు ఎత్తాలి. దిగాక కారణం దొరికేదాకా మళ్లీ ఎగరేయకూడదు. పుష్‌రాడ్ 2 మి.మీ.ది వాడి, హార్న్‌లో (పలకకు బిగించిన కొమ్ము) బయటి రంధ్రానికి, సర్వో ఆర్మ్‌లో లోపలి రంధ్రానికి తగిలించాలి. క్లెవిస్ మీద చిన్న సిలికాన్ ట్యూబు ముక్క ఎక్కించాలి. హింజి గ్యాపును పారదర్శక టేపుతో మూయాలి. ఐలరాన్ 5 మి.మీ., ఎలివేటరు 6 మి.మీ. కదిలితే రేసుకు చాలు. ఎక్కువ కదలిక పెట్టుకున్నవాళ్లు మలుపులో వేగం పోగొట్టుకున్నారు తప్ప లాభపడలేదు.

రిసీవరు యాంటెన్నాలు రెండూ ఒకదానికొకటి 90 డిగ్రీల్లో ఉండాలి. చివరి 31 మి.మీ. తీగకు కార్బన్ గానీ బ్యాటరీ గానీ ఆనకూడదు. ప్రొపెల్లరు తీసేసి ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే విమానం ఏం చేస్తుందో) పరీక్ష: థ్రాటిల్ సగం పెట్టి ట్రాన్స్‌మిటర్ ఆపితే మోటారు వెంటనే ఆగాలి. బల్ల మీదికి వచ్చినవాటిలో ఇక్కడే ఎక్కువ తప్పాయి. రిసీవరును ట్రాన్స్‌మిటర్‌కు జత (బైండ్) చేసేటప్పుడు థ్రాటిల్ పైన ఉంటే కొన్ని రిసీవర్లు ఆ స్థితినే ఫెయిల్‌సేఫ్‌గా గుర్తుపెట్టుకుంటాయి. సిగ్నల్ పోయిన క్షణాన ఆ విమానం ఫుల్ స్పీడుతో జనం వైపు కూడా పోవచ్చు. అందుకే ఈ పరీక్షలో మినహాయింపు లేదు. రేంజి తగ్గించే మోడ్‌లో 30 అంగలు నడిచి చూడటం, థ్రాటిల్ కట్ స్విచ్ చూడటం ఆ తర్వాత.

ప్రొపెల్లరు అంచున గోరుకు తగిలేంత గాటున్నా మార్చాల్సిందే. తిరిగేటప్పుడు దాని వరుసలో పక్కన ఎవరూ నిలబడకూడదు, వెనకే ఉండాలి. ప్రొపెల్లరు రెక్క విరిగితే ముక్కలు ఎగిరేది ఆ వరుసలోనే.

లైపోలు 2.2 ఆంపియర్లతోనే చార్జి చేయాలి, సెల్లుకు 4.2 వోల్టులు మించకూడదు. ఎగరేయని వారాల్లో 3.8 దగ్గర ఉంచాలి. ఎండలో నిలిపిన కారులో వదిలేసిన ప్యాకులు ఈ వేసవిలో రెండు ఉబ్బాయి. ఉబ్బినదాన్ని ఎవరూ దాచుకోవద్దు. చార్జింగు బల్ల కింద ఇసుక బకెట్టు శాశ్వతంగా ఉంటుంది, దయచేసి అందులో చెత్త వేయొద్దు.

పైలాన్ రేసు

ఫిబ్రవరి మూడో ఆదివారం పొద్దున ఏడింటికే మొదలుపెట్టాలనుకున్నది గాలి కోసమే. అంతర్జాతీయ పైలాన్ రేసు తరగతి ఎఫ్3డీ ట్రాకులో ల్యాపు 400 మీటర్లు, పది ల్యాపులకు 4 కి.మీ. మనకు అంత చోటు లేదు. ఒకటో పోల్ నుంచి మిగతా రెండింటి వరుసకు 120 మీటర్లు, ఆ రెండింటి మధ్య 30 మీటర్లు పెట్టాం. ల్యాపు సుమారు 270 మీటర్లు. మలుపులన్నీ ఎడమకే. పోళ్లు పీవీసీ పైపులు, తగిలితే వంగుతాయి. హీటుకు (ఒక్కో విడత పోటీకి) ముగ్గురే, సెకను తేడాతో వదిలాం. ప్రతి పైలటు వెనక ఒక కాలర్. విమానం ఒకటో పోల్ దాటగానే ‘టర్న్’ అని చెప్పడం అతని పని, ఎందుకంటే 120 మీటర్ల దూరం నుంచి పైలటు కంటికి పోల్, విమానం ఒకదాని మీద ఒకటి ఉన్నట్టే కనిపిస్తాయి. పోల్ లోపలి నుంచి తిరిగితే కట్. ఒక కట్‌కు ఒక ల్యాపు అదనం, రెండు కట్లయితే ఆ హీటు సున్నా.

గెలిచినవాళ్లు ఎక్కువ వేగంతో గెలవలేదు, మోటార్లన్నీ ఒకటే కదా. ఎత్తు మారకుండా ఎగరేసినవాళ్లే గెలిచారు. మలుపులో ముక్కు లేస్తే వేగం పోతుంది, దించుకుంటే నేల దగ్గరవుతుంది. దాదాపు 80 డిగ్రీలు వాల్చి, ఎలివేటరు ఒక్కసారి లాగి పట్టుకుని, తిరిగాక సమం చేయడం చూడ్డానికి తేలికే. ఆ పని పది ల్యాపుల్లో ముప్పై మలుపులకూ చేయాలి. ఫైనల్లో ఒక విమానం మోటారు ఆగినప్పుడు ‘డెడ్ స్టిక్’ అన్న కేక వినగానే మిగతా ఇద్దరూ పైకి లేచి దారి ఇచ్చారు. ఆ క్రమశిక్షణ చూసి గర్వపడ్డాను.

జెండాలు పట్టే జడ్జీలను పోల్ కింద నిలబెట్టలేదు. వరుసలోనే 60 మీటర్లు పక్కకి, వల వెనక, హెల్మెట్లతో కూర్చోబెట్టాం. ప్రేక్షకులు 100 మీటర్ల ఆవల. ఇక్కడే నా బాధ చెప్పుకోవాలి. పోల్ డ్యూటీకి పేర్లిచ్చిన ఎనిమిది మందిలో వచ్చింది నలుగురు. రానివాళ్లలో ఇద్దరు ముందు రోజు సాయంత్రం కూడా వస్తామనే చెప్పారు. ఏడింటికి మొదలవ్వాల్సిన రేసు తొమ్మిదిన్నరకు మొదలైంది. అప్పటికి గాలి లేచింది, చివరి రెండు హీట్లు రద్దు చేశాం. విమానం తేవడానికి అందరూ ఉన్నారు. జెండా పట్టుకునేవాళ్లు లేకపోతే రేసు ఉండదు.

ఏప్రిల్, మే నెలల్లో రేసు పెట్టమని అడిగినవారికి ఒక మాట. మన మైదానం సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది. 42 డిగ్రీల మధ్యాహ్నం గాలి పలచనై, విమానం దాదాపు 1,650 మీటర్ల ఎత్తులో ఎగురుతున్నట్టే ప్రవర్తిస్తుంది. దిగేటప్పుడు వేగం ఎక్కువ కావాలి, పట్టీ చాలదు. వేసవిలో పొద్దున తొమ్మిది లోపలే.

లెక్కలు

ఆడిటైన పట్టిక ప్రతులు ద్వారం దగ్గర ఉన్నాయి. చందాలు, పోటీ రుసుము మన రాబడి. ఖర్చులో పెద్దవి భద్రతా వల, హెల్మెట్లు, థర్డ్ పార్టీ బీమా. బాకీ చందాలు త్వరగా కట్టాలని కోశాధికారి మనవి.

కృతజ్ఞతలు

నేలనిచ్చిన రైతు కుటుంబాలకు, ఫైబర్‌గ్లాస్ పని నేర్పిన సీనియర్ సభ్యులకు, తనిఖీ బల్ల దగ్గర ఏడాది పొడవునా ఒక్క ఆదివారం కూడా మానకుండా నిలబడ్డ ఇద్దరికి, రేసు రోజు జెండాలు పట్టిన నలుగురికి, టిఫిన్లు తెచ్చిన సభ్యుల ఇళ్లవాళ్లకు, ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ చేసి వచ్చి పిల్లలకు బాల్సా కోయడం చూపించిన యువకులకు సంఘం తరఫున ధన్యవాదాలు. కార్యాలయాల చుట్టూ నాతో తిరిగిన సంయుక్త కార్యదర్శి లేకపోతే ఆ లేఖ నకలు కూడా వెళ్లేది కాదు.

వచ్చే రేసు డిసెంబరులో పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. పోల్ డ్యూటీ చేయనివారి విమానం ఆ రోజు తనిఖీ బల్ల మీదికి తీసుకోకూడదన్న ప్రతిపాదన ఈరోజు ఓటుకు వస్తుంది. డ్యూటీ పట్టిక సంతకాల పుస్తకం పక్కనే ఉంది, పన్నెండు పేర్లు కావాలి.

కార్యదర్శి